అట్టపెట్టెల్లో పఫిన్ పిల్లలు

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు చివర మా అబ్బాయి మమ్మల్ని ఐస్‌లాండ్ దక్షిణాన ఉన్న హేమయే దీవికి తీసుకెళ్లాడు. 1973 జనవరి 23 రాత్రి ఊరి పక్కనే నేల చీలి లావా ఎగజిమ్మితే, జనం చేపల పడవలెక్కి బయటపడిన దీవి అది. అక్కడి కొండ అంచుల్లో పఫిన్లనే సముద్రపక్షులు బొరియలు తవ్వి ఒక్కో గుడ్డే పెడతాయి. రాత్రిపూట బొరియ వదిలి సముద్రానికి ఎగరాల్సిన పిల్లలు ఊరి దీపాలకు దారి తప్పి వీధుల్లో దిగుతాయి. బడిపిల్లలు టార్చిలైట్లతో రేవు సందులన్నీ వెతికి, దొరికినవాటిని అట్టపెట్టెల్లో పెట్టుకుంటారు. తెల్లారాక తూకం వేయించి, తీరంలో గాల్లోకి విసురుతారు. ఆ విసురు చూసి మా ఆవిడ కెవ్వుమంది! పక్షి మాత్రం రెక్కలు టపటపలాడిస్తూ పోయింది.

మన విశాఖ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలదీ ఇదే చిక్కు. వెలుగు ఎటుంటే అటే పాకుతాయి. అటవీశాఖ హేచరీలు పెట్టి గుడ్లు కాపాడుతోంది, సంతోషం. పిల్లలు బయటికొచ్చే వేసవి నెలల్లో ఇసుక మీద పడే ఫ్లడ్‌లైట్లనైనా రాత్రి పది దాటాక ఆర్పాలి. వీధి దీపాల వెలుగు రోడ్డు మీదే పడేలా మూతలు బిగించాలి. తీరం వెంట ఉన్న హోటళ్లవారికీ ఇదే నా మనవి.

— ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, విశాఖపట్నం