మెలికలు తిరిగే క్షిపణులు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చేరింది. మిగతా కబుర్ల కన్నా ముందు నీ క్షిపణి ప్రశ్న తేలుస్తాను. "బాలిస్టిక్ అంటే వదిలేశాక దాని దారిన అది పోవడమే కదా, మరి పరీక్షల్లో మెలికలెందుకు తిరుగుతుంది?" అన్నావు. సగం నిజమేరా. ఇంజిన్ ఆగాకే అది బాలిస్టిక్. మండే ఆ కొద్ది నిమిషాలూ మంట చిమ్మే మూతిని, అంటే నాజిల్‌ను అటూ ఇటూ వంచి తిప్పుతూనే ఉంటారు. ఎటు తిప్పాలో తేల్చేది లోపల ఎటు తిరిగిందో పసిగట్టే జైరోస్కోపులు, వేగంలో మార్పును కొలిచే యాక్సెలరోమీటర్లు. మన నెల్లూరు జిల్లాలో పుట్టి, దేశ రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో ఛైర్మన్‌గా పనిచేసిన జి. సతీశ్ రెడ్డి గారు ఈ నావిగేషన్ విద్యలోనే దిట్ట.

అసలు చిక్కు ఘన ఇంధనంతో. చిచ్చుబుడ్డి అంటించాక "ఇక చాల్లే" అంటే ఆగుతుందా? ఇదీ అంతే. లక్ష్యం దగ్గర్లో ఉంటే మిగిలిన శక్తినేం చేయాలి? ఒక దారి, కావాలనే వంకరగా నడిపించి తగలేయడం. అమెరికా థాడ్‌ను చూడు. అది క్షిపణుల్ని కూల్చే క్షిపణి, బాలిస్టిక్ కాదు, కానీ కిటుకు ఇదే. న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌లో పరీక్షించినప్పుడు హద్దు దాటిపోకుండా ఆకాశంలో సుళ్లు తిరిగేది. చూసేవాడు "పోయిందిరా బాబూ" అనుకుంటాడు, అంతా ప్లాన్ ప్రకారమే!

అలాగని ప్రతి సుడీ ప్లాన్ కాదులే. 2009 డిసెంబర్ 9న ఉత్తర నార్వే ఆకాశంలో పెద్ద తెల్లటి సుడి కనబడి జనం హడలిపోయారు. శ్వేత సముద్రంలో రష్యా జలాంతర్గామి వదిలిన బులావా క్షిపణి అది. మూడో దశ చెడి గిరగిరా తిరిగింది.

ఉత్తర కొరియావాళ్లకి మెలికలతో పనే లేదు, దాదాపు నిటారుగా పైకి కొడతారు. 2017 నవంబర్ 29న హ్వాసాంగ్-15 సుమారు 4,475 కి.మీ. ఎత్తుకెళ్లి, 950 కి.మీ. దూరంలోనే సముద్రంలో పడింది. జపాన్ మీదుగా పంపకుండానే పూర్తి సత్తా చూసుకున్నారన్నమాట. వాళ్ల ఉద్దేశం నచ్చకపోయినా ఉపాయం మాత్రం గట్టిదే.

మరి ఇంజిన్ ఆగాక కూడా దారి సరిచేయాలంటే? గాలి లేనిచోట రెక్కలు దండగ. అక్కడ వాయువు చిమ్మి నెట్టే చిన్న చిన్న థ్రస్టర్లే దిక్కు. కిందికొచ్చి మళ్లీ గాలి తగిలాక రెక్కలకి పని మొదలవుతుంది. ఇందులో నాకు భలే నచ్చింది 1980ల నాటి అమెరికా క్షిపణి పెర్షింగ్-2. వాతావరణంలోకి దిగాక, పేలుడు సరుకు మోసే దాని వార్‌హెడ్ ముక్కు పైకెత్తి వేగం తగ్గించుకునేది. తర్వాత రాడార్‌తో నేలను చూసి, తన దగ్గరున్న పటంతో పోల్చుకుని దారి సరిచేసుకునేది. ఆ రోజుల కంప్యూటర్లతో!

మన ప్రళయ్ క్షిపణిది ఇంకో తీరు. హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ వాళ్లు తయారుచేశారు. 2021 డిసెంబర్ 22న ఒడిశా తీరంలోని కలాం ద్వీపం నుంచి తొలిసారి ఎగిరింది. 150 నుంచి 500 కి.మీ. దాకా కొడుతుంది. మరీ ఎత్తుకు పోకుండా ఉండి మధ్యలో దారి మార్చుకోగలదు, అందుకే దాన్ని క్వాసీ బాలిస్టిక్, అంటే సగం బాలిస్టిక్ లాంటిది అంటారు. మామూలు బాలిస్టిక్ అయితే ఎక్కడ పడుతుందో రాడార్ చూసి ముందే లెక్క కట్టేయొచ్చు. దీంతో ఆ లెక్క మాటిమాటికీ మారిపోతుంది, కూల్చేవాడికి టెన్షన్ అదే.

ఇంకా సందేహాలుంటే రాయరా. అమ్మను అడిగానని చెప్పు.

నీ
రాము