యాభై దాటిన కళ్ల గురించి కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రికలో అందం, ఆరోగ్యం పేజీని నేను చాలా ఏళ్లుగా వదలకుండా చదువుతున్నాను. అందులో కళ్ల మేకప్ గురించి ఏది వేసినా పక్కన ఫొటోలో ఉండేది పాతికేళ్ల మొహమే. కళ్లు పెద్దగా కనిపించాలంటే కాజల్ రెప్ప లోపలి అంచున గీయండి, మస్కారా రెండు పూతలు వేయండి, మెరుపుల ఐషాడో అద్దండి అని రాస్తారు. అవే చిట్కాలు యాభై, అరవై దాటిన మనిషి పాటిస్తే ఏమవుతుందో ఒక్క ముక్క కూడా ఉండదు. పోనీ పెద్ద వయసు వాళ్ల కోసమంటూ ఎప్పుడైనా ఒక వ్యాసం వచ్చినా అది ముడతలు కనపడకుండా ఎలా సర్దుకోవాలి అనే దగ్గరే ఆగిపోతుంది. మంట, దురద, అస్తమానం నీళ్లు కారడం, రెప్పలు ఎర్రబడి పొలుసులు లేవడం, వీటి ఊసే రాదు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

నాకు ఈ బాధ ఉంది, నా ఈడు వాళ్లలో చాలామందికీ ఉంది. అందరి నోటా వచ్చే మాట ఒకటే: "ఇన్నేళ్లుగా ఇదే వాడుతున్నా, ఎప్పుడూ ఏమీ కాలేదు, ఇప్పుడెందుకిలా?" కంపెనీ లోపల ఏదో మార్చేసి ఉంటుందని కొందరు, నకిలీ సరుకేమో అని కొందరు అనుమానపడతారు. అదీ జరగవచ్చు. కానీ సీసాలో ఉన్నది మారకపోయినా, దాన్ని పూసుకునే చర్మం మారుతుంది, కంట్లో ఉండే తడి మారుతుంది. ఈ సంగతి మాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

ఒంట్లో అన్నిటికన్నా పల్చటి చర్మం కనురెప్పదే, దాదాపు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. వయసుతో పాటు అది ఇంకా పల్చబడుతుంది, చర్మంలో నూనెలు తగ్గుతాయి, బయటి పదార్థాలను లోపలికి రానివ్వకుండా ఆపే పై పొర బలహీనపడుతుంది. అప్పటిదాకా పైపైనే ఉండి కడిగితే పోయే రంగులు, సువాసనలు, సరుకు చెడిపోకుండా కలిపే ప్రిజర్వేటివ్‌లు ఇప్పుడు లోపలికి దిగి చిరచిరలాడిస్తాయి. దీనికి తోడు కన్నీరు. రెప్పల అంచున, వెంట్రుకల వెనకాల, మెబోమియన్ గ్రంథులని వరసగా ఉంటాయి, ఒక్కో రెప్పలో 20 నుంచి 40 దాకా. అవి వదిలే సన్నటి నూనె పొరే కన్నీరు తొందరగా ఆరిపోకుండా కాపాడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఈ గ్రంథులు మందగిస్తాయి, ఆడవాళ్లలో మెనోపాజ్ తర్వాత కళ్లు పొడిబారడం మరీ ఎక్కువ. అలర్జీ మాత్రలు, బీపీకి వాడే కొన్ని మాత్రలు, డిప్రెషన్ మందులు కూడా కన్నీటిని తగ్గిస్తాయి. తడి తక్కువైన కంట్లో మస్కారా రేణువు ఒక్కటి పడ్డా కొట్టుకుపోదు, అక్కడే గరగరలాడుతుంది. కళ్లు పొడిబారాయంటే నీళ్లు రాకూడదు కదా అంటారు గానీ, ఆ గరగరకే ఉన్నట్టుండి బొటబొటా కారతాయి, వేసుకున్న మేకప్ అంతా కరిగి మళ్లీ కంట్లోకే పోతుంది.

ఒకసారి మంచి వెలుతురులో అద్దం దగ్గరగా పెట్టుకుని చూడండి. కంటి చివర చర్మం మీద సన్నటి గీతలు ఉంటాయి. ఐలైనర్ గీసిన కాసేపటికి రంగు గీసిన చోట ఉండదు, ఆ గీతల వెంట పాకి చర్మం మడతలోకి చేరుతుంది. అక్కడ చెమట, నీళ్లు, రంగు కలిసి నానుతూ ఉంటాయి. సాయంత్రానికి ఆ మడతే ముందు ఎర్రబడుతుంది, రెండు రోజులు అలాగే సాగితే అక్కడే చిన్న పగులు వస్తుంది, మొహం కడుక్కుంటే చురుక్కుమంటుంది. మెరుపుల పౌడరు ఐషాడో అయితే రెప్ప ఆర్పినప్పుడల్లా పొడి రాలి వెంట్రుకల మొదళ్లలో కూర్చుంటుంది.

ఇక కాజల్ రెప్ప లోపలి అంచున గీయమనే సలహా. దాన్ని వాటర్‌లైన్ అంటారు, ఆ నూనె గ్రంథుల నోళ్లు ఉండేది సరిగ్గా అక్కడే. అక్కడ మైనం, రంగు రుద్దితే ఆ నోళ్లు మూసుకుపోయే ప్రమాదం ఉంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో, వెంట్రుకలకు బయట గీసినప్పటి కన్నా లోపలి అంచున గీసినప్పుడు అయిదు నిమిషాల్లోనే 15 నుంచి 30 శాతం ఎక్కువ రేణువులు కన్నీటి పొరలోకి చేరాయని తేలింది. వయసులో ఉన్న కన్ను ఆ చెత్తను కడిగేసుకుంటుంది. మా కళ్లకు ఆ శక్తి తగ్గింది. కాబట్టి ఆ చిట్కా రాసిన ప్రతిసారీ, కళ్లు పొడిబారిన వాళ్లు, పెద్ద వయసు వాళ్లు వెంట్రుకలకు బయటే గీసుకోవాలి అని ఒక్క వాక్యం కలపమని అడుగుతున్నాను.

అలర్జీ విషయంలో జనానికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఇరవై ఏళ్లు వాడిన వస్తువు మీద కూడా ఒంటికి కొత్తగా అలర్జీ పుట్టవచ్చు. పైగా అది పూసిన వెంటనే కనపడదు, ఒకటి రెండు రోజులకు, ఒక్కోసారి మూడో రోజుకు బయటపడుతుంది. ఆలోపు మనం ఇంకో రెండు రకాలు వాడి ఉంటాం, తప్పు వాటి మీదికి నెట్టేస్తాం. అంతకన్నా చిక్కు ఏమిటంటే, రెప్పల మీద వచ్చే అలర్జీకి కారణం ఒక్కోసారి కళ్ల మేకప్ కానే కాదు. గోళ్ల రంగు వేసుకున్న వేళ్లతో కన్ను నలుపుకుంటే చేతులకు ఏమీ కాదు, పల్చటి రెప్ప మాత్రం ఉబ్బుతుంది. జుట్టుకు వేసే రంగు, తల మీంచి కారే షాంపూ, రెప్పవెంట్రుకలు వంచే పరికరంలోని నికెల్, అతికించుకునే వెంట్రుకల జిగురు, అన్నీ అనుమానించాల్సినవే. కంటి నరం దెబ్బతినే గ్లాకోమా జబ్బుకి వేసుకునే చుక్కల మందు కూడా కొందరికి రెప్పల్ని ఎర్రబరుస్తుంది, అలాగని డాక్టర్ని అడక్కుండా దాన్ని మానేయకూడదు.

లేబుల్ చదివి జాగ్రత్తపడండి అంటారు. హైపోఅలర్జెనిక్, అంటే అలర్జీ తక్కువ తెప్పించేది, అని రాసి ఉంటే మనకేం కాదని నమ్ముతాం. అమెరికాలో మందులు, కాస్మెటిక్స్ మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 1975లో ఆ మాట వాడాలంటే పరీక్ష చేసి చూపించాలని నిబంధన పెట్టింది, కంపెనీలు కోర్టుకెళ్లాయి, 1977లో అప్పీల్ కోర్టు దాన్ని చెల్లదని తేల్చింది. అక్కడ ఈ రోజుకీ ఆ మాటకు ప్రభుత్వం పెట్టిన కొలబద్ద లేదు. సహజం, హెర్బల్ అన్నవాటినీ కళ్లు మూసుకుని నమ్మడానికి లేదు, లావెండర్ లాంటి పూల నూనెలు కూడా అలర్జీ తెప్పిస్తాయి. ఇంకోవైపు పారాబెన్‌ల గురించి ఎంతో భయపెట్టారు, తీరా చూస్తే ప్రిజర్వేటివ్‌లలో చర్మానికి తక్కువ అలర్జీ చేసేవి అవేనని అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2019లో చెప్పింది. వాటికి బదులు బాగా వాడుకలోకి వచ్చిన మిథైల్‌ఐసోథయాజోలినోన్ చాలామందికి పడక, పూసి వదిలేసే కాస్మెటిక్స్‌లో దాన్ని యూరోపియన్ యూనియన్ 2017 నుంచి నిషేధించింది. సువాసనలు, క్వాటర్నియం-15, డీఎమ్‌డీఎమ్ హైడాంటోయిన్ లాంటి ఫార్మాల్డిహైడ్ వదిలే పదార్థాలు, బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్, ఇవి లేబుల్ మీద ఉన్నాయేమో చూసుకోవాలి.

ఆ చూసుకోవడమే గగనం. ఐలైనర్ పెన్సిల్ మీద ఎంత చోటుంటుంది? ఆ చోటులోనే చీమకాళ్లలాంటి అక్షరాలతో, మెరిసే కాగితం మీద లేతరంగు సిరాతో పదార్థాల పేర్లు అచ్చేస్తారు. చదువుకునే కళ్లద్దాలు పెట్టుకున్నా అర్థం కాదు, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసుకుని చూడాలి. చూపు తగ్గిన వాళ్లే ఎక్కువ జాగ్రత్తపడాల్సిన వస్తువు మీద ఇలా రాయడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. ఆ లేబుల్ మీదే మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 6ఎమ్ లేదా 12ఎమ్ అని ఉంటుంది, తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో చెప్పే గుర్తు అది. మస్కారా అయితే మూడు నెలలకే పారేయమని కంటి డాక్టర్లు చెబుతారు, ఎందుకంటే బ్రష్ బయటికి తీసి మళ్లీ లోపలికి పెట్టిన ప్రతిసారీ రెప్పల మీది క్రిములు ఆ తడిలోకి చేరతాయి. ఎండిపోయిందని అందులో నీళ్లు కలపడం, ఉమ్మి తగిలించడం అసలు చేయకూడదు, ఇంకొకరితో పంచుకోనూ కూడదు.

మరి ఏం చేయాలి? కళ్లు ఎర్రబడి ఉన్నప్పుడు కొత్త రకం కొనకండి. ముందు అన్నీ ఆపేసి రెప్పలు మామూలు రంగుకు, మామూలు మెత్తదనానికి వచ్చేదాకా ఆగాలి. ఆ తర్వాత ఒక్కో వస్తువు విడివిడిగా మొదలుపెట్టాలి, ఒకేసారి రెండు వద్దు. దానికన్నా ముందు మోచేతి లోపలి వైపు ఒకే చోట రోజుకు రెండుసార్లు చొప్పున వారం పది రోజులు రాసి చూస్తే కొంత తెలిసిపోతుంది, అయితే చెయ్యి ఓర్చుకున్నది రెప్ప ఓర్చుకోకపోవచ్చు, అది గుర్తుంచుకోవాలి. మెరుపులున్న పౌడర్ల కంటే మెరుపు లేని క్రీమ్ ఐషాడో నయం, రాలదు. వాటర్‌ప్రూఫ్ మస్కారా రోజూ వద్దు, వేసుకోవడం కంటే తీయడమే చర్మాన్ని ఎక్కువ పాడుచేస్తుంది. గోరువెచ్చని నీళ్లకే గొట్టాల్లా ఊడొచ్చే ట్యూబింగ్ మస్కారాలు ఉన్నాయి, రుద్దే పని ఉండదు. కాంటాక్ట్ లెన్స్ ఉన్నవాళ్లు మేకప్‌కి ముందే పెట్టుకోవాలి, మేకప్ తుడిచే ముందే తీసేయాలి.

తుడవడం గురించి కాస్త గట్టిగా చెప్పాలి. నాకు తెలిసినవాళ్లలో సగం బాధ అక్కడే ఉంది. దూదిని రిమూవర్‌తో తడిపి, మూసిన కంటి మీద అర నిమిషం అలా ఊరికే పెట్టి ఉంచాలి, రంగు దానంతటదే వదులుతుంది. తర్వాత కిందికి, బయటికి మెల్లగా జరపాలి, అటూ ఇటూ తోమకూడదు. ఆపైన నీళ్లతో కడిగేయాలి, కడగక్కర్లేదని సీసా మీద రాసి ఉన్నా సరే కడగాలి. వాసన లేని సాదా పెట్రోలియం జెల్లీ కొంచెం రాస్తే పగుళ్లు తొందరగా మానతాయి, కంట్లోకి పోకుండా చూసుకుంటే చాలు. ముడతల కోసం రాసే రెటినాల్ క్రీములు కంటి దగ్గరికి పాకి పొడిబారడం పెంచుతాయి, మేకప్ పడటం లేదని అనుకునే ముందు వాటిని ఆపి చూడాలి.

దురద తట్టుకోలేక చాలామంది చేసే పని ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ క్రీము రెప్పకు రాసుకోవడం. రాయగానే హాయిగా ఉంటుంది, అదే ప్రమాదం. డాక్టర్ చెప్పకుండా కంటి చుట్టూ రోజుల తరబడి వాడితే చర్మం ఇంకా పల్చబడుతుంది, కంటిలో ఒత్తిడి పెరగడానికి, శుక్లాలకు దారి తీయవచ్చు. నొప్పి ఉన్నా, చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోతున్నా, చీము కారుతున్నా మేకప్ వల్లే అనుకుని కూర్చోకుండా వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఒకే రెప్ప మీద ఒకే చోట మానని గడ్డ ఉంటే, అక్కడ వెంట్రుకలు రాలిపోతుంటే అసలు ఆలస్యం చేయొద్దు, పెద్ద వయసులో రెప్ప క్యాన్సర్ కూడా మొదట్లో మామూలు వాపులాగే కనిపించవచ్చు.

డాక్టర్ దగ్గరకు వెళ్లి చెప్పుకుంటే కూడా "ఈ వయసులో ఇవన్నీ అవసరమా?" అని అడిగిన సందర్భం నాకు ఉంది. ఆ ప్రశ్న నన్ను చాలా బాధపెట్టింది. నడిచే మనిషి మోకాలు నొప్పి అంటే నడక మానేయమని ఎవరూ ఊరికే చెప్పరు, కారణం వెతుకుతారు. కంటికి ఇంత రంగు పెట్టుకోవడం ఇష్టమైన మనిషికి అది ఎలా క్షేమంగా పెట్టుకోవాలో చెప్పడం కూడా వైద్యమే. మానేయాలా వద్దా అన్నది ఆ మనిషి నిర్ణయం.

కంటి డాక్టర్‌నీ చర్మ డాక్టర్‌నీ కలిపి ఒకే వ్యాసం రాయించండి, ఎందుకంటే మమ్మల్ని వాళ్లు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పంపుతూ ఉంటారు. పక్కన ఫొటో వేస్తే ముడతలున్న కన్నే వేయండి. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లు మళ్లీ ఎన్ని వారాలకు కళ్లకు మేకప్ వేసుకోవచ్చు, ఆపరేషన్‌కి ముందు తెరిచిన మస్కారా, పెన్సిళ్లు వాడొచ్చా పారేయాలా, ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు, ఆ వ్యాసంలో ముందు దీనికి జవాబు రాయించగలరు.

ఇట్లు,
మీ పాఠకురాలు