స్ట్రోక్ కొడితే బోల్డ్ అయిపోదు

ఎడిటర్ గారూ,

ఈమధ్య మా సెంటర్లో కట్టిన ఓ ఫ్లెక్సీ మీద రైతులకి ‘వంట నష్టపరిహారం’ ఇవ్వాలని ఉంది. చేసినవాళ్లకి తెలుగు రాక కాదు. అక్షరాలకి చుట్టూ స్ట్రోక్ కొట్టి, అంటే అంచు వెంబడి గీత వేసి, లావు చేశారు, ‘ప’లో తలకట్టుకీ కింది గిన్నెకీ మధ్య ఉండాల్సిన సందు మూసుకుపోయి అది కాస్తా ‘వ’ అయి కూర్చుంది.

నేనూ డీటీపీ పనిలోనే ఉన్నాను కాబట్టి సంగతి తెలుసు. కస్టమర్ వెనకాలే నిలబడి ఇంకా లావు, ఇంకా లావు అంటుంటాడు, డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో అవుట్‌లైన్ (అదే ఆ స్ట్రోక్) మందం పెంచేస్తే ఆ పూటకి గండం గడుస్తుంది. కానీ ఆ గీత బయటికి పెరిగినట్టే లోపలికీ పెరుగుతుంది. ‘థ’ పొట్టలో చుక్క, ‘ధ’ కింద గీత, వత్తుల మధ్య ఖాళీ, అన్నీ అందులో కలిసిపోతాయి.

ఇంగ్లిష్ వాళ్లకి ఈ లావు అక్షరాల అవసరం రెండు వందల ఏళ్ల కిందటే వచ్చింది. లండన్‌లో లాటరీలకీ నాటకాలకీ గోడ పోస్టర్లు ఎక్కువయ్యాయి, పుస్తకాల అక్షరాలు దూరానికి ఆనేవి కావు. అప్పుడు విన్సెంట్ ఫిగిన్స్ లాంటి అచ్చక్షరాల తయారీదార్లు స్లాబ్ సెరిఫ్ తెచ్చారు, అంటే అక్షరం కొసల్లో సన్నగా ఉండే సెరిఫ్ అనే చిన్న అడ్డగీతని నిలువు గీతంత మందంగా, పలకలా చేశారు. 1845లో రాబర్ట్ బెస్లీ ఫౌండ్రీ (అచ్చక్షరాలు పోతపోసే సంస్థ) తెచ్చిన క్లారెండన్ అనే ఫాంట్‌లో ఆ పలక గీతని కలిసేచోట చిన్న వంపు ఉంటుంది, దాన్ని డిక్షనరీల్లో మాటలు ఎత్తి చూపడానికి కూడా వాడారు. కౌబాయ్ సినిమాల్లో ‘వాంటెడ్’ పోస్టర్ల అక్షరాలదీ ఈ కుటుంబమే. వీటిలో మంచిదాన్ని తీసుకుని ఇంగ్లిష్ చిన్న ‘ఇ’ (e)ని బాగా పెద్దది చేసి చూడండి, లోపలి అడ్డగీత నిలువు గీతల కంటే సన్నగా ఉంటుంది, కన్నం మూసుకుపోకుండా కావాలనే అలా గీస్తారు. మనవాళ్లు నేర్చుకోవాల్సింది అదీ. ఆ పలకల్ని తెచ్చి తెలుగుకి అతికించడం మాత్రం దండగ, ఎందుకంటే ఇంగ్లిష్ అక్షరం కింది గీత మీద కాళ్లూని నిలబడుతుంది, మనది గుండ్రటి ఒళ్లు, పైన తలకట్టు, కింద వత్తు. తలకట్టుని నలుచదరంగా కోసి స్టైల్ అంటారు కొందరు, నాకైతే కంటికి ఆనలేదు.

మొదటినుంచీ లావుగానే గీసిన తెలుగు ఫాంట్లు లేకపోలేదు. రామభద్ర ఉచితంగానే దొరుకుతుంది, పెద్ద హెడ్డింగ్‌కి బాగుంటుంది. దాన్ని కూడా చిన్న సైజులో నాలుగు లైన్లు కుక్కితే మళ్లీ మొదటికే వస్తుంది లెండి.

మీకో విన్నపం. మీ దగ్గరికొచ్చే ప్రకటనల్లో స్ట్రోక్ కొట్టిన హెడ్డింగులుంటే తిప్పి పంపండి. డబ్బులిచ్చేవాడు ఒప్పుకోడంటారా, అక్షరాన్ని లావు చేసే బదులు నాలుగు మాటలు తీసేసి సైజు పెంచుకోమనండి.

– ఒక డీటీపీ ఆపరేటర్, ఏలూరు