కాళ్ళకు నీళ్ళియ్యని విందు

చిన్నా,

దీవెనలు. సంఘంలో నిన్ను ఆహ్వాన కమిటీలో వేశారనీ, రోగుల్ని, కష్టంలో ఉన్న ఇళ్ళని పలకరించే పని కూడా మీ జట్టుకే అప్పజెప్పారనీ రాశావు. "గుమ్మంలో నిలబడి వందనాలు చెప్పడమేగా అమ్మా" అన్నావు చూడు, ఆ ఒక్క మాటకే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది.

లూకా 7వ అధ్యాయం తీసి చూడు. పరిసయ్యుడైన, అంటే ధర్మశాస్త్రం పట్టుగా పాటించే యూదుడైన సీమోను యేసును భోజనానికి పిలిచాడు. వంటలు చేయించాడు, నలుగురినీ కూర్చోబెట్టాడు. అయినా ప్రభువు లెక్కతీసి చెప్పినవి మూడే మూడు: కాళ్ళకు నీళ్ళియ్యలేదు, ముద్దుపెట్టుకోలేదు, తలకు నూనె రాయలేదు. మూడూ కలిపినా ఆ విందు ఖర్చులో లెక్కకు రావు. దుమ్ములో నడిచొచ్చిన మనిషికి కాళ్ళ నీళ్ళివ్వడం ఆ దేశంలో, మన పల్లెల్లో గడప దగ్గర చెంబుతో నీళ్ళిచ్చినంత మామూలు సంగతి. అన్నం పెట్టి అది మాత్రం మానేయడమంటే మనిషిని చిన్నబుచ్చడమే. మీ కమిటీ చేయబోయే తప్పుల్లో సగం సీమోను తప్పులే అవుతాయి. ఇవ్వాల్సింది ఇస్తారు, ఇచ్చే తీరు దగ్గర పాడుచేస్తారు.

ఈ మాట ప్రపంచానికి గట్టిగా చెప్పినవాడు మన తెలుగునేల మీద పనిచేసినవాడే. వి.ఎస్. అజరయ్య గారు పుట్టింది తిరునెల్వేలి ప్రాంతంలో. 1909లో దోర్నకల్లు వచ్చారు, 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడాయనే. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడుతూ, తెల్ల మిషనరీలు తమతో పనిచేసే భారతీయులను ఎలా చూస్తున్నారో మొహమాటం లేకుండా చెప్పారు. కరచాలనాలూ, కుర్చీలూ, భోజనాలూ, టీలూ కావాలని వాటికోసమే అడగడం లేదు, అవి స్నేహానికి గుర్తులైతేనే అడుగుతున్నామన్నారు. మీరు బీదలకు ఆస్తులిచ్చారు, శరీరాలు కాల్చబడడానికి ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని ముగించారు. ఆ మాటలు మొదటి కొరింథీ 13వ అధ్యాయం మూడో వచనంలోవని నీకు తట్టే ఉంటుంది. ఇంకో రెండు వచనాలు దాటితే మన తెలుగు బైబిల్లో ప్రేమ గురించి "అమర్యాదగా నడువదు" అని ఉంటుంది. దీర్ఘశాంతం మీద, సహనం మీద ప్రసంగాలు చాలానే వింటాం. ఈ రెండు మాటల మీద విన్నది తక్కువ.

ఇప్పుడు పనిలోకి వద్దాం. మొదట నీ నోటి సంగతి. మన భాషలో "మీరు", "నువ్వు" అని రెండున్నాయి. ఎవరికి ఏది వాడుతున్నావో ఒక ఆదివారం గమనించుకో. పాస్టరుగారు "అయ్యగారు", ట్రెజరర్ "అంకుల్, మీరు". చర్చి ఊడ్చే అరవై ఏళ్ళావిడ మాత్రం "ఏయ్, ఇటు రా". ఇది ఎవరూ కావాలని చేయరు, పుట్టిన దగ్గర్నుంచీ చెవిన పడింది నోటికొస్తుంది. తల నెరసినవాని యెదుట లేచి నిలబడమని లేవీయకాండం 19లో ఉంది. ఆ నెరిసిన తల ఏ వీధిలో కాపురముంటుందో చూసి లేవమని లేదు. వాచ్‌మన్‌కి, ఊడ్చేవాళ్ళకి, మైకు సెట్టు కుర్రాడికి పేరు పెట్టి, "అండీ" చేర్చి పిలువు. నెల తిరిగేసరికి మీ జట్టు మొత్తానికి అలవాటవుతుంది. పైనుంచి సర్క్యులర్ వేస్తే మాత్రం కాదు.

గుమ్మం దగ్గర. ఆరాధనకు అరగంట ముందే ఉండాలి. కొత్తవాళ్ళు తరచుగా ముందే వస్తారు, ఎటు వెళ్ళాలో తెలియక బయటే నిలబడతారు. వందనాలు చెప్పి, నీ పేరు చెప్పి, వాళ్ళ పేరడుగు. అక్కడితో ఆపు. "ఏ ఊరు? ఇంటిపేరేంటి? ఎవరి తాలూకు?" అని మనవాళ్ళు ప్రేమగానే మొదలుపెడతారు. ఆ మూడు ప్రశ్నలూ కలిస్తే కులం అడిగినట్టేనని అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. ఆ జవాబు చెప్పుకోవాల్సిన అవసరం లేని చోటు వెతుక్కుంటూ వచ్చినవాడికి గుమ్మంలోనే అది ఎదురైతే రెండోవారం రాడు.

పాటల పుస్తకం చేతికిచ్చేటప్పుడు మొదటి పాట తీసి ఇవ్వు. మధ్యలో లేపి "కొత్తగా వచ్చినవాళ్ళు నిలబడి సాక్ష్యం చెప్పండి" అనే అలవాటు మీ దగ్గరుంటే పెద్దలతో మాట్లాడి మాన్పించు. చెప్పాలనుకున్నవాళ్ళు తర్వాత చెబుతారు. వెనక రెండు వరసలు ఆలస్యంగా వచ్చేవాళ్ళకు వదిలేయండి. చంటిపిల్లల తల్లుల్ని ఫ్యానుకీ, పక్క తలుపుకీ దగ్గరగా కూర్చోబెట్టండి. పిల్ల ఏడిస్తే ఆమె ఎవరి కాళ్ళూ తొక్కకుండా బయటికి వెళ్ళగలగాలి. చూపులేనివాళ్ళు వస్తే చెయ్యి పట్టి లాగొద్దు. నీ మోచెయ్యి వాళ్ళకు అందించు, అర అడుగు ముందు నడువు, మెట్టొస్తే ఎక్కేదో దిగేదో చెప్పు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మురికిబట్టల బీదవాడికి పాదపీఠం దగ్గర చోటు చూపించడం గురించి యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో ఉందిగా. మన దగ్గర దాని పేరు "ముందు వరస సోఫా". ఎమ్మెల్యేగారొస్తే అందులో కూర్చున్న ముసలాయన్ని లేపకండి. అంతకంటే ఎక్కువ చెప్పను.

ఆసుపత్రి విషయం వివరంగా రాస్తున్నాను. మంచి మనసుతో వెళ్ళి ఎక్కువ కీడు చేసేది అక్కడే.

వెళ్ళేముందు రోగికి కాదు, పక్కనున్న అటెండెంటుకి ఫోన్ చేసి సమయం అడుగు. ఇద్దరికి మించి వెళ్ళకండి. ఆడరోగి అయితే జట్టులో ఒక అక్క తప్పనిసరి. లోపలికి వెళ్ళేముందు, బయటికి వచ్చాక సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడుక్కో. నీకు జలుబున్నా, దగ్గున్నా ఆ వారం మానెయ్. మంచం మీద కూర్చోవద్దు, కుట్లున్నవాళ్ళకు పరుపు కదిలినా నొప్పే. కుర్చీ లాక్కుని ఆ మనిషి మెడ తిప్పకుండా కనిపించేచోట కూర్చో. పది నిమిషాలు, మహా అయితే పదిహేను. వాళ్ళు "ఇంకాసేపు ఉండండి" అంటారు. అది వాళ్ళ మర్యాద. లేచి రావడం నీ మర్యాద. పొరుగువాడి ఇంటికి మాటిమాటికీ వెళ్తే విసిగి ద్వేషిస్తాడేమో అని సామెతల్లో ఊరికే అనలేదు.

"మా పెదనాన్నకీ ఇదే జబ్బు, ఆర్నెల్లు కూడా..." అనే మాట నోట్లోకి వచ్చేలోపే మింగెయ్. "ఏ పాపం చేశావో ఒప్పుకో", "మందులు మానేసి విశ్వాసంతో ఉండు" అనేవి రెండూ మీ జట్టులో ఎవరి నోటా రాకూడదు. రెండోదానితో ప్రాణాలు పోతాయి. షుగరు మాత్రో, మూర్ఛ మాత్రో హఠాత్తుగా మానితే ఏమవుతుందో ఏ డాక్టరునడిగినా చెబుతాడు. ప్రార్థన చేయమంటారా అని అడుగు. సరేనంటే రెండు నిమిషాలు, తగ్గు గొంతుతో. పక్క మంచంలో మనిషి రాత్రంతా నిద్రలేక అప్పుడే కన్నుమూసి ఉండొచ్చు.

ఖాళీ చేతులతో ఎలా వెళ్తామని కొబ్బరిబోండాలు, అరటిపళ్ళు పట్టుకెళ్తారు. వాటిలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ జబ్బున్నవాళ్ళకు ప్రమాదం. రోగికి ఏం పెట్టాలో డాక్టరు చెప్పే ఉంటాడు, అది మనకు తెలియదు. నిజంగా ఆకలితో ఉండేది అటెండెంటు. గవర్నమెంటాసుపత్రి వరండాలో మూడు రోజుల్నుంచీ బన్నూ టీతో గడిపే మనిషి ఆయన. ఆయనకు క్యారేజీలో అన్నం, పప్పు, పెరుగు తీసుకెళ్ళు. "మీరు వెళ్ళి స్నానం చేసి రండి, గంటసేపు నేనుంటాను" అను. అన్నిటికంటే పనికొచ్చేది ఆ గంటే. డబ్బివ్వాలనుకుంటే కవర్లో పెట్టి, వెళ్ళేటప్పుడు, మూడో మనిషి లేకుండా ఇవ్వు.

చావు జరిగిన ఇంట్లో ఇంకా తక్కువ మాట్లాడాలి. పిల్లల్ని పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాటా అనలేదు. అప్పటిదాకా బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే వ్యవహారం చెడింది. మొదటిరోజే "దేవుని చిత్తం" అనకు. అది నిజమే అయినా ఆ రోజు చెప్పే హక్కు ఆ ఇంటివాళ్ళది, మనది కాదు. పాలు, టీపొడి, చక్కెర, మంచినీళ్ళ క్యాన్లు, అద్దె కుర్చీలు చూసుకోండి. ఆదరణ కూడిక అయ్యాక బంధువులు బండెక్కేస్తారు, ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. నీ క్యాలెండర్లో నెలరోజుల తర్వాత తేదీ మీద గుర్తు పెట్టుకో. ఆ రోజు వెళ్ళు. బ్యాంకు పనో, డెత్ సర్టిఫికెట్టో, పిల్లాడి స్కూలు ఫీజో అప్పటికి మిగిలుంటుంది. తోడు వస్తానను.

ఇంకొకటి. ఆ ఇళ్ళల్లో విన్నది వాట్సాప్ గ్రూపులో "ప్రార్థన విన్నపం" పేరుతో పెట్టకండి. "ఫలానావాళ్ళ కాపురం కోసం ప్రార్థించండి" అంటే ఊరంతా టముకు వేసినట్టే. పెట్టొచ్చా, ఎంతవరకు పెట్టొచ్చు అని వాళ్ళనే అడగాలి. ఏ సమస్యో రాయకుండా కూడా ప్రార్థన చేయొచ్చు, దేవుడికి వివరాలు మనం చెప్పక్కర్లేదు. ఒక్క మినహాయింపు: ఎవరైనా పిల్లల్ని కొడుతున్నా, ఆడపిల్లను ఇబ్బంది పెడుతున్నా గుట్టుగా ఉంచడం మర్యాద కాదు. పిల్లలైతే 1098కి, ఆడవాళ్ళైతే 181కి ఫోన్ చేయాలి.

క్రిస్మస్‌కి మీవాళ్ళు దుప్పట్లు, బియ్యం పంచుతారట. ద్వితీయోపదేశకాండం 24లో ఒక చిత్రమైన నియమం ఉంది. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు తీసుకోవడానికి బాకీపడ్డవాడి ఇంట్లోకి వెళ్ళకూడదు, బయట నిలబడాలి, అతనే తెచ్చి ఇస్తాడు. డబ్బు నీది కావచ్చు, గడప అతనిది. బీద విధవరాలు రూతు తన పొలంలో పరిగె ఏరుకోవడానికొస్తే బోయజు చేసింది కూడా చూడు. పనివాళ్ళతో పిడికెళ్ళు కావాలని జారవిడవండి, ఏరుకుంటే గద్దించకండి అన్నాడు. ఆమెకు దానం తీసుకున్నట్టు కాక, ఏరుకున్నట్టు ఉంది. దీని పక్కన స్టేజీ మీద వరసగా నిలబెట్టి, దుప్పటి ఒక చివర పట్టుకోమని ఫొటో తీసే మన పద్ధతి పెట్టి చూడు. ఆ ఫొటో దుప్పటి తీసుకున్నామె కొడుకు క్లాసులో పిల్లల ఫోన్లలోకి కూడా వెళ్తుంది.

చీకటి పడ్డాక ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వండి. రసీదు కావాలంటే ఖాతాపుస్తకంలో సంతకం చాలు. ఇచ్చేది అక్కరకు సరిపోవాలి. అన్నమే తినే నలుగురికి రోజుకు కిలోన్నర బియ్యం పడతాయి. ఐదు కిలోల సంచి నాలుగో రోజుకు నిండుకుంటుంది. యాభై ఇళ్ళకు ఐదేసి కిలోలిచ్చే బదులు, నిజంగా కష్టంలో ఉన్న పది ఇళ్ళకు పాతిక కిలోల బస్తా, రెండు కిలోల కందిపప్పు, రెండు లీటర్ల నూనె ఇస్తే రెండు వారాలైనా గట్టెక్కుతారు. నువ్వు తినని బియ్యం కొనకు.

ప్రేమవిందు, అదే సంఘమంతా కలిసి తినే భోజనం గురించి రెండు ముక్కలు. "ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి" అని పౌలు కొరింథువాళ్ళకు రాయాల్సి వచ్చిందంటే అక్కడా మొదటి బంతి గొడవే. పులావుకి కిలో బియ్యం ఎనిమిది మందికని లెక్కేసుకుని, పది కిలోలకొక కిలో అదనంగా పెట్టుకో. ముక్కలు మొదటి బంతిలో గరిటెతో కాక లెక్కతో వడ్డించండి, లేకపోతే ఆఖరి బంతికి పులుసే మిగులుతుంది, ఆ ఆఖరి బంతిలో కూర్చునేది ఎవరో నీకు తెలుసు. వడ్డించేవాళ్ళు చివర తినాలి. వంటవాళ్ళ కూలి, మైకు డబ్బులు ఆ సాయంత్రమే ఇచ్చేయాలి. "సోమవారం ట్రెజరర్ని కలవండి" అనేది కూలివాడి దగ్గర అప్పు తీసుకోవడమే.

ఇరుగుపొరుగు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నియమాల్లో ఉంది. సామెతలు అంతకంటే పాతవి: వేకువనే లేచి గొప్ప శబ్దంతో స్నేహితుణ్ణి దీవిస్తే అది శాపంగా లెక్క. క్యారల్స్‌కి వెళ్ళే వీధిలో పసిపిల్లలో, పరీక్షల పిల్లలో ఉంటే డప్పు ఆపి పాటొక్కటే పాడండి. పక్కింటికి క్రిస్మస్ పిండివంటలు పంపేటప్పుడు అది ధనుర్మాసమని గుర్తుంచుకో, కొన్ని ఇళ్ళల్లో ఆ నెల గుడ్డు కూడా ముట్టరు. కేకు వద్దు, అరిసెలూ కజ్జికాయలూ పంపు. వాళ్ళు ప్రసాదం తెస్తే తీసుకోవాలా వద్దా అన్నది నీ మనస్సాక్షి విషయం, కానీ గుమ్మంలో నిలబెట్టి వాక్యం చెప్పకు. "పిన్నిగారూ, పూజలో పెట్టింది మేం తీసుకోమండీ, ఏమీ అనుకోకండి. లోపలికి రండి, కాఫీ తాగి వెళ్ళండి" అను. ఆ కాఫీ మాత్రం మర్చిపోకు.

చివరిగా ఒక పని. మీ చర్చి గుమ్మం ముందు మెట్టుందన్నావు, చక్రాల కుర్చీ ఎక్కదు. నలుగురు కలిసి ఎత్తుతున్నారట. పెద్దమనిషిని బస్తాలా ఎత్తితే ఆయనకెలా ఉంటుంది? ర్యాంపుకి లెక్క ఒకటికి పన్నెండు: ఆరంగుళాల మెట్టుకి ఆరడుగుల వాలు కావాలి. అంతకంటే నిటారుగా వేస్తే వెనక్కి జారుతుంది. ఈ ఆదివారం టేపు తీసుకెళ్ళి మెట్టు ఎత్తు, గుమ్మం వెడల్పు, ముందున్న ఖాళీ స్థలం పొడవు కొలిచి పంపు. మీ బాబాయి చెక్కతో చేసి లారీలో వేయిస్తానన్నాడు.

అమ్మ