వర్తక సంఘం వార్షిక నివేదిక, 2025-26: వాణిజ్య సముదాయ నిర్మాణానికి వచ్చిన కొటేషన్ల పరిశీలన

గౌరవ సభ్యులకు నమస్కారం.

నరసరావుపేటలోని మన సంఘం స్థలంలో కింద దుకాణాలు, పైన రెండు అంతస్తుల కార్యాలయ గదులతో వాణిజ్య సముదాయం కట్టాలని గత సర్వసభ్య సమావేశం తీర్మానించింది. ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువగా ఆ పనికి వచ్చిన కొటేషన్ల మీదే కూర్చుంది. మిగతా కార్యక్రమాలు ఏటా జరిగే రీతిలోనే జరిగాయి కనుక వాటి జమాఖర్చులను ఆడిట్ నివేదికకు వదిలి, ఇక్కడ నిర్మాణ విషయమే వివరిస్తున్నాము. ఇది సభ్యులు ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము. దానిలో ప్రతి రూపాయి ఎక్కడికి పోతుందో అందరికీ తెలియాలన్నది మా పట్టుదల.

మొదటి విడతలో నాలుగు కొటేషన్లు వచ్చాయి. ఇద్దరు మెటీరియల్‌తో సహా చదరపు అడుగు లెక్కన, ఒకరు ఐటమ్ వారీగా (ఒక్కో పనికి విడిగా రేటు), మరొకరు లేబర్ కాంట్రాక్టుగా (కూలి మాత్రమే) ఇచ్చారు. చూడగానే తక్కువగా కనిపించింది చదరపు అడుగుకు 1,850 రూపాయలన్న కొటేషన్. దాని చివరి పేజీలో ‘జీఎస్టీ అదనం’ అని ఉంది. వర్క్స్ కాంట్రాక్టుపై, అంటే మెటీరియల్, పని కలిపి ఇచ్చే ఒప్పందంపై, 18 శాతం పన్ను కలిపితే అది 2,183 అవుతుంది. పన్నుతో సహా 2,150 అన్నవారి ధర దానికంటే తక్కువే. సొంతానికి కట్టుకునే భవనంపై చెల్లించిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ (మనం కట్టవలసిన జీఎస్టీలో దాన్ని తగ్గించుకునే వీలు) రాదు కనుక ఆ మొత్తమంతా మన ఖర్చే. పైగా మొదటివారు పోర్టికోను, మెట్ల పైనున్న హెడ్‌రూమును కూడా పూర్తి విస్తీర్ణంగా లెక్కకట్టారు. లేబర్ కాంట్రాక్టులో సిమెంటు మనమే కొనాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినందువల్ల, అంతకుముందు వేసిన ఆ అంచనాను మళ్లీ వేయించాము.

అసలు తేడా పునాదిలో బయటపడింది. మనది నల్లరేగడి నేల. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిచ్చే ఈ నేలలో మామూలు గుంతలు తీసి ఫుటింగులు (స్తంభాల కింది కాంక్రీటు దిమ్మెలు) వేస్తే గోడలు బీటలిచ్చే ప్రమాదం ఉంది. అయినా చదరపు అడుగు లెక్కన ఇచ్చిన ఇద్దరూ ఐదడుగుల లోతు వరకే ధర చెప్పి, అంతకు మించితే అదనమన్నారు. మట్టి పరీక్ష నివేదిక చూసిన స్ట్రక్చరల్ ఇంజినీరు అడుగున గంట ఆకారంలో వెడల్పు చేసే అండర్‌రీమ్డ్ పైల్స్ (నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు పునాది స్తంభాలు) సూచించారు. ఆ ఖర్చు ఏ కొటేషన్లోనూ లేదు.

అందుకే ధరలను అక్కడితో పక్కనపెట్టి, ఇంజినీరు చేత ఐటమ్ వారీ ఎస్టిమేట్ తయారు చేయించి, అదే పట్టికను నలుగురికీ ఇచ్చి రేట్లు మాత్రమే నింపమన్నాము. భారత ప్రమాణాల (ఐఎస్) ప్రకారం కొలతలకు ఐఎస్ 1200, కాంక్రీటు పనికి ఐఎస్ 456 ప్రమాణమని అందులో రాశాము. మొదటి విడతలో ఎవరూ ప్రస్తావించని లిఫ్టు గుంత, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, రోలింగ్ షట్టర్లు, అగ్నిమాపక పైపులు, 1 శాతం కార్మిక సెస్సు అన్నీ ఈ పట్టికలో చేరాయి. ఇసుకకు రాష్ట్రంలో ఉచిత విధానం ఉన్నా లోడింగ్, రవాణా ఖర్చులు తప్పవు కాబట్టి సైటు దగ్గర దింపిన రేటే అడిగాము.

ఇనుము విషయంలో కొంత వాదన జరిగింది. 12 మి.మీ. కడ్డీ మీటరుకు 0.888 కిలోలు తూగాలి. ఐఎస్ 1786 ప్రకారం ఇందులో 5 శాతం వరకు హెచ్చుతగ్గులు అనుమతిస్తారు. ఒక కాంట్రాక్టరు లెక్కగట్టిన బరువుకే బిల్లు ఇస్తామన్నారు. కడ్డీ తేలికగా వస్తే ఆ తేడా సంఘం మీద పడుతుంది గనుక, లెక్క బరువు, కాటా తూకం రెండింటిలో ఏది తక్కువైతే దానికే చెల్లింపు అని షరతు పెట్టాము. ముగ్గురు ఒప్పుకున్నారు. ఒప్పుకోనివారు పోటీ నుంచి తప్పుకున్నారు.

చెల్లింపు షరతులనూ ధరతో సమానంగా చూశాము. పని మొదలుకాకముందే నాలుగో వంతు అడ్వాన్సు అడిగినవారి తక్కువ రేటు మాకు తక్కువగా తోచలేదు. బ్యాంకు గ్యారంటీపై 10 శాతం అడ్వాన్సు, ప్రతి బిల్లులో 5 శాతం మన దగ్గర నిలుపుదల, 28 రోజుల క్యూబ్ పరీక్ష (కాంక్రీటు దిమ్మెల బలం చూసే పరీక్ష) ఫలితం వచ్చాకే ఆ శ్లాబు తుది చెల్లింపు అన్నవి మా షరతులు. తెలిసినవాళ్లకు ఇన్ని కాగితాలెందుకని కొందరు పెద్దలు అడిగారు. రేపు కార్యవర్గం మారినా, కాంట్రాక్టరు సూపర్‌వైజరు మారినా మాట మారకుండా ఉండేది ఆ కాగితాల వల్లనేనని మా నమ్మకం.

రెండో విడత రేట్లను ఒకే పట్టికలో వేసి చూస్తే, మొదట్లో ఐటమ్ వారీగా కొటేషన్ ఇచ్చినవారిదే మొత్తం మీద తక్కువగా తేలింది. వారి పేరునే కార్యవర్గం ఏకగ్రీవంగా సిఫారసు చేస్తోంది. తులనాత్మక పట్టిక, మట్టి పరీక్ష నివేదిక, డ్రాయింగులు సంఘ కార్యాలయంలో ఉంచాము. అభ్యంతరాలుంటే సర్వసభ్య సమావేశానికి ముందే రాతపూర్వకంగా ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. సమావేశం తీర్మానించిన తరువాతే వర్క్ ఆర్డరు ఇస్తాము.