లాక్స్‌టన్‌లో గెట్ల పంచాయితీ

బిడ్డా,

అక్కడ చలి మొదలైందని నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచి నాకు ఇంగ్లండులోని ఆ లాక్స్‌టన్ ఊరి మీదే ధ్యాస. మొన్న ఎండాకాలం నేను వచ్చినప్పుడు చేలు చూశాం గానీ, అసలు చూడవలసింది నవంబరు చివర్లో జరుగుతుంది. నాటింగ్‌హామ్ నుంచి ఎంతో దూరం కాదు. ఒకరోజు వీలు చేసుకొని పోయి రా.

గుర్తుందా, అక్కడ పెద్ద చేలు మూడు: వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్. ఒకదాంట్లో చలికాలపు గోధుమ, ఒకదాంట్లో చలి తగ్గాక వేసే పైరు, ఒకటి పడావు. ఏటా మారుస్తారు. ఏ రైతు భూమీ ఒక్కచోట ఉండదు, ముక్కలుగా చెదిరి ఉంటుంది, మధ్యలో కంచె ఉండదు. మంచి నేలా, పస లేని నేలా అందరికీ వస్తాయి. ఒకప్పుడు ఇంగ్లండులో ఎన్నో ఊళ్లు ఇట్లాగే దున్నుకునేవి. 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాలు చేసి కంచెలు వేయించింది. పేద రైతులకు ఉమ్మడి మేత బీళ్లు పోయాయి. లాక్స్‌టన్‌లో ఆ పని పూర్తి కాలేదు. 1635లో గీసిన ఆ ఊరి పటం ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. మన సేత్వారు లాగా ఏ ముక్క ఎవరిదో అందులో తెలుస్తుంది.

నవంబరు చివర రైతుల జ్యూరీ గోధుమ చేనుకు పోతుంది. బాటలోకి గానీ, ఉమ్మడి గడ్డిలోకి గానీ ఎవరైనా జరిగి దున్నారేమో చూసి, హద్దు మేకులు కొడతారు. తర్వాత కోర్ట్ లీట్ అనే పాత ఊరి కోర్టు కూర్చుని జరిమానా వేస్తుంది. ఇట్లాంటి పాత కోర్టుల అధికారాలను 1977లో తీసేసినప్పుడు కూడా పార్లమెంటు లాక్స్‌టన్‌ను ముట్టుకోలేదు. భూమి మాత్రం 1952లో ప్రభుత్వానికి, 1981లో రాచభూములు చూసే క్రౌన్ ఎస్టేట్‌కు, 2020లో థోర్స్‌బీ ఎస్టేట్ అనే ప్రైవేటు ఎస్టేట్‌కు పోయింది.

మన దగ్గర గెట్టు తగాదా అంటే సర్వేయరు, ఠాణా, ఏళ్ల తరబడి కోర్టు. మీ తాత మూరెడు ఒడ్డు కోసం పక్క చేనాయనతో మాట్లాడకుండానే పోయాడు. అక్కడ పొరుగువాళ్లే తప్పు పట్టి, పొరుగువాళ్లే జరిమానా వేసి, మర్నాడు పక్కపక్కనే దున్నుకుంటున్నారు. అందుకే నాకు ఆ ఊరంటే అంత గౌరవం.

మేకు కొట్టే ముందు హద్దు ఎట్లా తేలుస్తారో దగ్గరుండి చూడు. జరిమానా పడ్డ రైతు ఏమన్నాడో కూడా రాయి. ఊళ్లో బందెలదొడ్డి ఉంది, మొన్న చూడలేదు. బురదగా ఉంటుంది, పొడుగు బూట్లు వేసుకొని పో.

మీ బాపు