చిన్న చేపల సంగతీ అడగండి

సంపాదకులకు,

హైదరాబాద్ శివారు కొత్వాల్‌గూడలో సముద్ర జీవుల ప్రదర్శనకు తలపెట్టిన ఆక్వా మెరైన్ పార్క్‌పై వాదన హైకోర్టు దాకా వెళ్లింది. ఇలాంటి చర్చల్లో మాటంతా పెద్ద జీవాల చుట్టూనే తిరుగుతుంది. చిన్న గాజుతొట్లలో పెట్టే చేపల గురించి ఎవరూ అడగరు. జువాలజీ పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి ఆ బాధ నాకుంది.

టైడ్‌పూల్ స్కల్పిన్‌నే తీసుకోండి. అలాస్కా నుంచి కాలిఫోర్నియా దాకా పసిఫిక్ తీరపు రాళ్లలో బతికే చేప. పొడవు 9 సెంటీమీటర్లకు మించదు. ఈతకు సాయపడే గాలితిత్తి లేదు కనుక అడుగున రాయిని అంటిపెట్టుకునే ఉంటుంది. ఒంటి రంగును చుట్టూ ఉన్న రాయికి, నాచుకు తగ్గట్టు మార్చుకుంటుంది. ఆటు వేళ సముద్రం వెనక్కి తగ్గాక రాతి గుంటలో మిగిలిపోతుంది. ఎండకు ఆ కాసిని నీళ్లు వేడెక్కుతాయి, వాన పడితే ఉప్పు తగ్గుతుంది, రాత్రిళ్లు ఆక్సిజన్ పడిపోతుంది. మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనుకైతే గాలి పీల్చడానికి మొప్పల పైన ప్రత్యేకంగా గదులున్నాయి. స్కల్పిన్‌కు అవేమీ లేవు. అయినా నీళ్లు మరీ చెడితే గుంట అంచుకు వచ్చి, మొప్పలతో, చర్మంతో గాలిలోని ఆక్సిజన్ తీసుకుంటుంది.

దాని జ్ఞాపకశక్తి ఇంకా గొప్పది. పోటు వేళ బయట తిరిగి, నీళ్లు తీసే సమయానికి తన గుంటకే చేరుకుంటుంది. పరిశోధకులు పట్టుకెళ్లి 100 మీటర్ల దూరంలో వదిలినా చాలా చేపలు తిరిగొచ్చాయి. ఆరు నెలలు వేరేచోట ఉంచాక వదిలినా కొన్ని తమ చోటు మరచిపోలేదు. దారి పట్టడంలో వాసనది పెద్ద పాత్ర.

ఇలాంటి జీవిని తెచ్చి, ఎప్పుడూ ఒకే తీరుగా ఉండే తొట్టి నీళ్లలో పెడితే పిల్లలు ఏం నేర్చుకుంటారు? ఆటుపోట్లు ఉండవు, వెతుక్కుంటూ వెళ్లడానికి గుంటా ఉండదు. పైగా మే నెల ఎండల్లో నీళ్లు చల్లబరిచే చిల్లర్ ఆగిపోతే దాని గతేమిటన్న టెన్షన్ ఒకటి.

పార్క్ కట్టక తప్పదంటే, ఏ జాతులు తెస్తారో, సముద్రంలో పట్టినవా, తొట్లలో పెంచినవా అన్నది అధికారులు ముందే ప్రకటించి ప్రజల అభ్యంతరాలు వినాలి. చల్లని సముద్రాల చేపలను ఆ జాబితాలోంచి తీసేయాలి. వాటిని వీడియోల్లో చూపించవచ్చు. ఆ మిగిలిన డబ్బుతో ప్రభుత్వ కాలేజీల పిల్లలను ఏటా విశాఖ తీరానికి తీసుకెళ్లి, రాళ్ల సందుల్లో ఉండే మన గోబీ, బ్లెన్నీ అనే చిన్న చేపలను ముట్టుకోకుండా చూపించాలని కోరుతున్నాను.

— ఒక అధ్యాపకురాలు, మెహదీపట్నం, హైదరాబాద్